శుక్రవారం సరదాలు... సరోజినీదేవి నవ్వులు

మా ఆఫీసులో నేను లిఫ్టు ఎక్కితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు... ఈ శుక్రవారం ఏం ప్రోగ్రాం మేడమ్ అని. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒక కంపెనీలో హెచ్.ఆర్. విభాగం నాది. ఇంటర్వ్యూలు, జీతాలు, సెలవులు చూసేవాళ్లు వేరే ఉన్నారు. కంపెనీ కబుర్లు ఉద్యోగులకు చేరవెయ్యడం, వాళ్లను హుషారుగా ఉంచడం నా పని. అంతాక్షరి, ముగ్గుల పోటీ, చీరకట్టు రోజు, బతుకమ్మ, ఉగాది పచ్చడి... ఇవన్నీ నా డైరీలోవే. దీనికి కూడా జీతమిస్తారా అని మా అత్తగారు మొదట్లో బుగ్గలు నొక్కుకునేవారు.

వినడానికి తమాషాగా ఉంటుంది కానీ అంత తేలికేం కాదు లెండి. పొద్దున్నే పిల్లల డబ్బాలు సర్ది, క్యాబ్‌లో మైండ్ స్పేస్ జంక్షన్ దగ్గర ఇరుక్కుని, చిరాగ్గా వచ్చి కూర్చున్న మనిషికి కొత్త సెలవుల నిబంధనల మీద మూడు పేజీల మెయిల్ పంపిస్తే చదువుతుందా? తెరవకుండానే తీసేస్తుంది. అదే సంగతిని మాయాబజార్ శశిరేఖ పెళ్లికి సెలవు పెట్టినట్టు, ఘటోత్కచుడు సంతకం చెయ్యనన్నట్టు రాశామనుకోండి... భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటారు. నిబంధన కూడా గుర్తుంటుంది. ఈ కిటుకు నాకు బాగానే వచ్చనుకునేదాన్ని. కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం కాస్తా ఒక ఫిబ్రవరిలో దిగిపోయింది.

అప్పట్లో ఒక ప్రాజెక్టు మూతపడింది. అందులో పనిచేసే పదకొండు మందిని తీసెయ్యాలని పైవాళ్లు నిర్ణయించారు. సోమవారం దాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. శుక్రవారం ముగ్గుల పోటీ ఉంది... ఆపుదామా అంటే, ఆపితే అనుమానం వస్తుంది, ఇంకా సందడిగా చెయ్యమన్నారు. చేశాను. ముందురోజు ఎప్పటికన్నా ఎక్కువ జోకులు పెట్టి మెయిల్ రాశాను. మొదటి బహుమతి కోనసీమ నుంచి వచ్చి కొండాపూర్ హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయికి వచ్చింది. స్టీలు టిఫిను క్యారియర్ చేతికిచ్చి ఫొటో తీశాను. ఫొటో తీస్తున్నప్పుడే నాకు తెలుసు, ఆ పదకొండు పేర్లలో ఆమె పేరుందని.

సోమవారం సాయంత్రం ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, టిఫిను క్యారియర్ అక్కడ పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ వారమే మాకు ఇంకో పని పడింది. ఫిబ్రవరి 13 సరోజినీ నాయుడు పుట్టినరోజు. మన దేశంలో ఆ రోజును జాతీయ మహిళా దినంగా జరుపుకుంటారు కదా, ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసి అందరికీ పంపించమన్నారు. భారత కోకిల అన్న మాట, స్కూల్లో వ్యాసరచనకు బట్టీపట్టిన నాలుగు వాక్యాలు తప్ప నాకు ఆవిడ గురించి ఏం తెలుసని? గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ముందునుంచి రోజూ పోతుంటాను. ఆ లోపల కళలు, కమ్యూనికేషన్ నేర్పే విభాగానికి ఆవిడ పేరే పెట్టారని కూడా అప్పుడే తెలిసింది. సరే, ఏదో నాలుగు ముక్కలు ఏరుకుందామని పుస్తకాలు తెచ్చుకున్నాను. నాలుగు ముక్కలతో ఆగలేదు. నేను జీతం తీసుకుని చేస్తున్న పనిని ఆవిడ జీవితాంతం చేశారు, అదీ లాఠీల ముందు, జైలు గోడల మధ్య.

గదిలో బంధించిన నాన్న

1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టింది సరోజిని. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దది. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ. ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ చేసి నిజాం రాజ్యానికి వచ్చి ఇక్కడ కాలేజీ నడిపారు. అదే తర్వాత నిజాం కాలేజీ అయింది. తల్లి వరదసుందరీదేవి బెంగాలీలో కవిత్వం రాసేవారు. ఆ ఇంటి తలుపు మూసేవాళ్లే కాదట. పండితులు, ఫకీర్లు, సాధువులు, రసవాదం తెలుసునని చెప్పుకునే బైరాగులు... ఎవరొచ్చినా భోజనం ఉండేది. ఆయనకేమో మామూలు లోహాన్ని బంగారం చెయ్యాలన్న పిచ్చి. బంగారం తయారుకాలేదు కానీ, రకరకాల మనుషుల మధ్య పెరగడం పిల్లలకు అబ్బింది.

చిన్నప్పుడు సరోజినికి ఇంగ్లీషు మాట్లాడమంటే మహా మొండి. తొమ్మిదేళ్లప్పుడు తండ్రికి కోపం వచ్చి, ఒక రోజంతా గదిలో ఒంటరిగా ఉంచి గొళ్లెం పెట్టారు. మరో పిల్లయితే ఏడ్చి, ఆ భాషంటేనే అసహ్యించుకునేది. ఈ పిల్ల బయటికొచ్చి ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడలేదు... ఆ తర్వాత తండ్రితోనూ, తల్లితోనూ ఎప్పుడూ ఇంగ్లీషే, తల్లి మాత్రం ఈమెతో హిందుస్తానీలో మాట్లాడేవారు. ఈ కథను పెద్దయ్యాక ఆవిడే నవ్వుకుంటూ రాసుకున్నారు. పిల్లల్ని గదిలో పెట్టి గొళ్లెం వెయ్యడం నాకైతే నచ్చదు. కానీ దెబ్బ తిన్న కథను నవ్వుతూ చెప్పుకునే గుణం ఆవిడకు అప్పటినుంచే ఉందనిపించింది.

తండ్రి ఈమెను గణితంలోనో, సైన్సులోనో గొప్పదాన్ని చెయ్యాలనుకున్నారు. పదకొండేళ్ల వయసులో ఓ రోజు ఆల్జీబ్రా లెక్క ఎంతకీ తెగలేదు. లెక్క బదులు ఒక పూర్తి కవిత వచ్చేసింది. పన్నెండేళ్లకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌లో ప్రెసిడెన్సీ మొత్తానికీ మొదటి స్థానం. ఆరోగ్యం అంతంత మాత్రం. పదమూడో ఏట జబ్బుచేస్తే డాక్టరు పుస్తకం ముట్టుకోవద్దన్నాడు. ఆయన మీద ఉక్రోషంతో రెండు వేల పంక్తుల నాటకం రాసేసిందట!

నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్లకు ఇంగ్లండు వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీ, కేంబ్రిడ్జిలో గిర్టన్. డిగ్రీ తీసుకోకుండానే 1898లో తిరిగొచ్చి, ఆ డిసెంబర్‌లోనే మద్రాసులో పెళ్లి చేసుకున్నారు. వరుడు డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు, నిజాం సైన్యంలో వైద్యుడు. మన తెలుగాయన. కులం వేరు, భాష వేరు. ఆ రోజుల్లో ఎంత గొడవై ఉంటుందో ఊహించుకోండి. ఆ పెళ్లిని దగ్గరుండి జరిపించింది ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

గోల్డెన్ త్రెషోల్డ్

1905లో మొదటి కవితల పుస్తకం గోల్డెన్ త్రెషోల్డ్ లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకం పేరే తర్వాత నాంపల్లిలో వాళ్ల ఇంటికి నిలిచిపోయింది. నలుగురు పిల్లలు... జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి. ఎప్పుడూ ఏదో ఒక అనారోగ్యం. అయినా ఆ ఇంటికి హిందువులు, ముస్లిములు, పార్శీలు, ఇంగ్లీషువాళ్లు అందరూ వచ్చేవారు. దేని గురించీ దాపరికం లేకుండా మాట్లాడుకునే చోటు అది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి పాఠాలు మొదలైంది ఆ ఇంట్లోనే. తర్వాతే అది గచ్చిబౌలికి తరలింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిన కథ మన పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ వరదల్లో సరోజినీదేవి సహాయ పనుల్లోకి దిగారు. చిన్నపిల్లల తల్లి, గుండె నీరసం మనిషి. దానికి బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆవిడ దాన్ని తిరిగిచ్చేశారు. ఈ ముక్క చదివినప్పుడు నా బల్ల మీది టిఫిను క్యారియర్ గుర్తొచ్చింది. ఇచ్చినవాళ్ల మీద నమ్మకం పోయాక బహుమతి ఎంత బరువో కదా.

గాంధీగారిని మొదట కలిసిన సంగతి మాత్రం ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. 1914 ఆగస్టు, లండన్. దక్షిణాఫ్రికా నుంచి ఆయన దిగారని విని కెన్సింగ్టన్‌లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, నిటారుగా ఉన్న మెట్లెక్కి చూస్తే... ఒక బక్కపలచని గుండు మనిషి నేలమీద నల్లటి జైలు కంబళి పరుచుకుని, కొయ్య గిన్నెలో చిదిమిన టమాటాలు, ఆలివ్ నూనె కలుపుకుని తింటున్నారు. అంత గొప్ప నాయకుడు ఇలా కనబడేసరికి సరోజినీదేవికి పకపకా నవ్వొచ్చేసింది. ఆయనకు కోపం రాలేదు. ఆ నవ్వు విని ఈవిడే సరోజినీ నాయుడై ఉంటుందని గుర్తుపట్టి, భోజనానికి రమ్మన్నారు. అదేం తిండి, నాకొద్దు అని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేశారు. ముప్ఫైమూడేళ్లు సాగిన స్నేహం అలా మొదలైంది.

ఆ వెంటనే ఆవిడ చేసిన పని ఇంకా బాగుంటుంది. యుద్ధంలో సైనికులకు బట్టలు కుట్టించే పని అప్పుడు లండన్‌లో ఆడవాళ్లు చేస్తున్నారు. కత్తిరించిన గుడ్డల గుట్టొకటి తెచ్చి గాంధీగారి ముందు పెట్టి, కుట్టించి తెచ్చివ్వమన్నారు. ఆయనా సరేనని తన వాళ్లతో కలిసి కుట్టించారు. గాంధీగారే తన ఆత్మకథలో రాసుకున్నారు ఈ సంగతి. అంటే ఆవిడ నవ్వులు కాలక్షేపం నవ్వులు కావన్నమాట. ఒక చేత్తో నవ్వు, ఇంకో చేత్తో పని.

ఆ తర్వాత పదేళ్లు పరుగులే. 1917లో మాంటేగ్ మద్రాసు వచ్చినప్పుడు ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని వెళ్లిన బృందానికి నాయకత్వం. 1924లో తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలు. అనీబిసెంట్ తర్వాత ఆ పీఠమెక్కిన రెండో మహిళ, మన దేశంలో పుట్టిన ఆడవాళ్లలో మొదటి ఆవిడ. తర్వాత అమెరికా పర్యటన. కవిత్వం దాదాపు ఆగిపోయింది. పిల్లలు పెరిగింది ఎక్కువగా ఉత్తరాల్లోనే. ఎక్కడున్నా పిల్లలకు ఉత్తరాలు రాసేవారు. ఊళ్లు, మనుషులు, తిన్న తిండి, చూసిన పూలు, వేళాకోళాలు... ఆ ఉత్తరాల్లో అన్నీ ఉంటాయి. పక్కన ఉండలేకపోతున్నానన్న దిగులూ ఉంటుంది. నైట్ షిఫ్టులో కూర్చుని ఫోన్లో పిల్లలకు కథ చెప్పే మా ఆఫీసు తల్లులకు ఈ ముక్క నేను ప్రత్యేకంగా చదివి వినిపించాను. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

కాంగ్రెసంటే ఏమిటి చెప్పండి? ఒకరకంగా అదో పెద్ద సంస్థే. లక్షల మంది పనిచేసేవాళ్లు, జీతం లేదు, ఎప్పుడు జైలుకెళ్తారో తెలియదు. పైన కూర్చున్నవాళ్లా... ఉపవాసాలు, మౌనవ్రతాలు, సిద్ధాంతాలు. ఒకరితో ఒకరికి పడదు. అలాంటి చోట గాంధీగారిని మికీ మౌస్ అని పిలిచే ధైర్యం ఆవిడకొక్కరికే ఉండేది. పెద్ద చెవులు కదా ఆయనకి! గాంధీగారిని పేదరికంలో ఉంచడానికి ఎంత డబ్బు ఖర్చవుతోందో ఆయనకేం తెలుసని ఆవిడ వేళాకోళం చేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మేకపాలు, ఉప్పులేని కూరల మీద ఆవిడ విసుర్లకైతే లెక్కే లేదు. ఆయన కూడా ఆవిడను బుల్‌బుల్ అని ముద్దుగా పిలిచేవారు.

నేను గమనించింది ఏమిటంటే, ఆవిడ వేళాకోళం ఎప్పుడూ పైవాళ్ల మీదే. కిందివాళ్ల మీద కాదు. మా ఆఫీసుల్లో సరదా అంటే కొత్తగా చేరిన కుర్రాడి ఇంగ్లీషు యాసను అనుకరించడమో, లావుగా ఉన్నమ్మాయి మీద జోకెయ్యడమో అనుకునేవాళ్లున్నారు. డైరెక్టరుగారి మీద జోకెయ్యమనండి చూద్దాం! నేనూ వెయ్యలేదు లెండి, అప్పటిదాకా.

ధరాసన

ఇక అసలు సంగతికొస్తాను. 1930. గాంధీగారు దండి దాకా నడిచి ఉప్పు తీశారు. సరోజినీదేవి దండిలో ఆయన పక్కనే ఉన్నారు. మే నెలలో ఆయన్ను అరెస్టు చేశారు. ఆయన స్థానంలో వచ్చిన అబ్బాస్ త్యాబ్జీనీ పట్టుకెళ్లారు. గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి సత్యాగ్రహుల్ని నడిపించే పని యాభై ఒక్కేళ్ల సరోజినీదేవి మీద పడింది.

మొదట పోలీసులు వాళ్లను దారిలోనే ఆపేశారు. ముందుకు పోనివ్వరు, వీళ్లు వెనక్కి పోరు. మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సరోజినీదేవి రోడ్డు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒక రోజుకు పైగా అలాగే! ఉత్తరాలు రాసుకుంటూ, చుట్టూ ఉన్నవాళ్లతో హాస్యాలాడుతూ. వెనకున్న కుర్రాళ్లు ఆవిడ మొహం చూసే ధైర్యం తెచ్చుకుని ఉంటారు.

మే 21న దాదాపు 2500 మంది సిద్ధమయ్యారు. తెల్లవారుజామున ప్రార్థన తర్వాత ఆవిడ వాళ్లతో మాట్లాడారు. ఆ మాటల్లో జోకు ఒక్కటి కూడా లేదు. మిమ్మల్ని కొడతారని నేరుగా చెప్పేశారు. ఎదురు తిరగకూడదు, దెబ్బ మీద పడుతున్నప్పుడు కాచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తకూడదు అని చెప్పారు. విన్నాక వెళ్లిపోవాలనుకున్నవాళ్లు వెళ్లిపోవచ్చు, చీకట్లో ఎవరు చూస్తారు? కానీ నడిచారు. వరస తర్వాత వరస నడిచి, ఇనుప పొన్ను వేసిన లాఠీల కింద పడిపోయారు. వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేఖరి ఆ రోజు అక్కడున్నాడు. తాత్కాలికంగా వేసిన ఆసుపత్రి పాకలో 320 మంది గాయపడినవాళ్లను, ఇద్దరు చనిపోయినవాళ్లను లెక్కపెట్టి ప్రపంచానికి తెలియజేశాడు. సరోజినీదేవిని అరెస్టు చెయ్యడానికొచ్చిన అధికారి ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, విదిలించుకుని, వస్తాను గానీ తాకొద్దని చెప్పి నడిచి వెళ్లారు.

ఈ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. కుర్చీలో కూర్చుని నవ్వించిన మనిషీ, తెల్లవారుజామున చెడు కబురును చెడు కబురులాగే చెప్పిన మనిషీ ఒక్కరే. నేనేం చేశాను? చెడు కబురు చేతిలో పెట్టుకుని, దాని మీద ముగ్గు వేయించాను.

జైల్లో వంటిల్లు

ఆవిడ జైలు జీవితం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఎరవాడ జైల్లో పూలమొక్కలు పెంచుకున్నారు. 1932 సెప్టెంబర్‌లో గాంధీగారు అక్కడే నిరాహారదీక్ష పడితే, ఈవిడను ఆయన దగ్గరికి చేర్చారు. చూడ్డానికొచ్చేవాళ్ల రద్దీ అంతా ఆవిడే అదుపు చేశారు. ఎవరు ఎంతసేపు మాట్లాడాలి, ఎప్పుడు లేవాలి... పెద్దపెద్ద నాయకులకు కూడా ఆవిడ మాటే ఆజ్ఞ.

1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా అరెస్టుల్లో ఆవిడను, గాంధీగారిని పుణెలో ఆగాఖాన్ భవనంలో పెట్టారు. పేరుకు భవనం, చుట్టూ ముళ్లతీగ. ఆరో రోజుకే, ఆగస్టు 15న, గాంధీగారికి కొడుకులాంటి మహదేవ దేశాయి గుండెపోటుతో పోయారు. ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు. అరవై మూడేళ్ల సరోజినీదేవి వంటింటి పెత్తనం చేతిలోకి తీసుకున్నారు. ఎవరికేం పడుతుందో కనుక్కుని చేయించడం, దగ్గరుండి వడ్డించడం, దిగులుపడేవాళ్లను కబుర్లలో పెట్టడం. ఒకపక్క మలేరియా ఆవిడను పీల్చేస్తోంది. 1943 మార్చిలో ఆరోగ్యం బొత్తిగా చెడిపోయాక విడుదల చేశారు.

ఇక్కడ నాకొక అనుమానం. అందరినీ నవ్వించే మనిషిని ఎవరు నవ్విస్తారు? ఇంట్లో చెల్లెలి పెళ్లయినా, ఆఫీసులో పండగయినా హడావుడి చేసే మనిషికి తలనొప్పి వస్తే ఎవరూ అడగరు. సరోజినీదేవి ఉత్తరాల్లో ఆ అలసట అక్కడక్కడా బయటపడుతూనే ఉంటుంది. మామూలు మనిషే కదా. ఆవిడ ప్రసంగాల్లో మాటల జిలుగు మరీ ఎక్కువని, కవిత్వంలో అలంకారాలు ఎక్కువని అన్నవాళ్లూ ఉన్నారు. చదివితే నాకూ అక్కడక్కడా అలాగే అనిపించింది. హైదరాబాద్ బజార్ల మీద ఆవిడ రాసిన కవిత మాత్రం లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

1947 ఆగస్టు 15న ఉత్తరప్రదేశ్‌కు, అప్పటి పేరు సంయుక్త రాష్ట్రం, గవర్నరయ్యారు. స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నర్. ఆ పదవిని పంజరంతో పోల్చుకుని తన మీద తనే జోకేసుకున్నారు. 1948 జనవరి 30న గాంధీగారు పోయారు. ఢిల్లీలో అందరూ కుమిలిపోతుంటే ఆవిడే గట్టిగా మందలించారు... ముసలితనంతోనో, అజీర్తితోనో పోవాల్సిందా ఆయన, ఇంత గొప్ప చావు ఆయనకే తగింది అని. వినడానికి కటువుగా ఉంటుంది. ఆయనకు అంత దగ్గరి మనిషి కాబట్టే అనగలిగారు. కూడా ఏడుస్తూ కూర్చుంటే అక్కడున్నవాళ్లు లేవగలిగేవారు కారేమో.

ఏడాది తిరిగాక, 1949 మార్చి 2న, లక్నోలో ఆవిడా కన్నుమూశారు. పదవిలో ఉండగానే. ఆ రాత్రి నర్సును ఒక పాట పాడమని అడిగారట. అది వింటూ నిద్రపోయారు, మళ్లీ లేవలేదంటారు. నవ్వించినావిడ చివరికి ఇంకొకరి చేత పాడించుకున్నారన్నమాట. పెద్దకూతురు పద్మజ తర్వాత పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటిని దేశానికిచ్చిందీ ఆవిడే.

ఫిబ్రవరి 13 మెయిల్‌లో నేను భారత కోకిల అని రాయలేదు. కుర్చీ కథ, టమాటాల కథ రాశాను. ధరాసనలో ఆవిడ తెల్లవారుజామున ఏం చెప్పారో అదీ రాశాను. చాలామంది జవాబిచ్చారు. మా పైఅధికారి మాత్రం ఎందుకు ఇంత సీరియస్‌గా రాశావని అడిగారు.

నెల్లాళ్లకు ధైర్యం చేసి కోనసీమ అమ్మాయికి ఫోన్ చేశాను. క్షమించమని అడిగాను. పుణెలో ఉద్యోగం దొరికిందని చెప్పింది. టిఫిను క్యారియర్ పంపించనా అంటే, మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్ అంది. కోపంగా అందో, మామూలుగా అందో నాకిప్పటికీ తెలీదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ అలాంటి రోజే వచ్చింది. ఈసారి ఆరుగురు. శుక్రవారం ప్రోగ్రాం ఉందిగా, సోమవారం చెబుదామన్నారు. గురువారమే చెప్పకపోతే నేను శుక్రవారం ప్రోగ్రాం పెట్టనన్నాను. గొంతు వణికింది, అబద్ధమెందుకు. చాలా చర్చ జరిగింది. చివరికి గురువారం మధ్యాహ్నం ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చెప్పారు, ఎందుకో, ఎప్పటిదాకా జీతమొస్తుందో అన్నీ. నేనూ ఆ గదిలోనే కూర్చున్నాను.

శుక్రవారం ఎవరూ రారనుకున్నా. బిర్యానీ తెప్పించి ఊరుకున్నాను, ఆటలు, పోటీలు ఏమీ పెట్టలేదు. ఆరుగురిలో ఐదుగురు వచ్చారు. ఒకతను లేచి మా డైరెక్టరుగారు టౌన్‌హాల్లో మాట్లాడే తీరును అనుకరించడం మొదలుపెట్టాడు, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే. ముందు అందరం బిక్కచచ్చిపోయాం. తర్వాత ఆయనే మొదట నవ్వారు. ఇక ఆగలేదు, కడుపు పట్టుకుని నవ్వాం. రానావిడ ఒక్కరే... ఆవిడ ఇప్పటికీ నా ఫోన్ ఎత్తదు.

టిఫిను క్యారియర్ నా బల్ల సొరుగులోనే ఉంది. మొన్న ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగి గోల్డెన్ త్రెషోల్డ్ చూపించాను. చిన్నది ఆ పేరుకు అర్థమేమిటని అడిగింది. బంగారు గడప అని చెప్పాను. దానికింద నిజంగా బంగారం ఉందా అని వంగి చూసింది.